8.0 దగ్గర గీత నిలవాలి: నా రీఫ్ ట్యాంక్ ఆల్కలినిటీ డైరీ

రోజు 0

రాత్రి లైట్లు ఆరే ముందు చూస్తే నా రీఫ్ ట్యాంక్‌లో (ఇంట్లో పగడాలు పెంచే ఉప్పునీటి తొట్టి) పెద్ద అక్రోపోరా, అంటే కొమ్మలుగా పెరిగే రాతి పగడం, కొమ్మల చివర్లు కాస్త పాలిపోయినట్టు అనిపించాయి. పొద్దున లేచేసరికి మొదలు దగ్గర రెండంగుళాల మేర చర్మం ఊడిపోయి, కింద తెల్లటి అస్థిపంజరం బయటపడింది. అంచున మిగిలిన గోధుమరంగు చర్మం నీటి కదలికకి పేలికల్లా ఊగుతోంది. పదకొండు నెలల కిందట బొటనవేలంత ముక్కగా తెచ్చి రాయికి అతికించిన పగడం అది. అరచేయంత అయింది. మనసు చివుక్కుమంది. సాయంత్రం, ఊడిన చోటికి బాగా పైనుంచి ఆరోగ్యంగా ఉన్న కొమ్మలు మూడు విరిచి వేరే చోట అతికించాను. మొదలుని కదపకుండా అలాగే ఉంచాను.

తర్వాత నెల రోజుల నోట్‌బుక్ ముందేసుకుని కూర్చున్నాను. కారణం అందులోనే ఉంది. ఇన్నాళ్లూ ఒక్కో అంకెనీ విడిగా చూశాను తప్ప, వరసగా పెట్టి చూడలేదు.

రాళ్లూ ఇసుకా ఆక్రమించింది తీసేస్తే, సంప్‌తో (కింద ఉండే వడపోత తొట్టి) కలిపి నా సిస్టమ్‌లో నీళ్లు సుమారు 250 లీటర్లు. మొదటి రెండేళ్లు మెత్తటి పగడాలు, హ్యామర్, టార్చ్ అనే పగడాలు ఒక్కొక్కటి మాత్రమే ఉండేవి. వారానికి 20 శాతం నీళ్లు మారిస్తే సరిపోయేది. అక్రోపోరాలు, పళ్లెంలా పరుచుకునే మాంటిపోరా పగడం వచ్చి, పెరిగి, రాళ్ల మీద కోరలైన్ ఆల్గే (సున్నపు పెంకు కట్టే నాచు) గులాబీ రంగులో పరుచుకున్నాక లెక్క మారిపోయింది. ఆదివారం సాయంత్రానికి ఆల్కలినిటీ, అంటే పగడాలు అస్థిపంజరం కట్టుకోవడానికి వాడే కార్బొనేట్ల నిల్వ, 6.4 డీకేహెచ్‌కి (దాన్ని కొలిచే యూనిట్) పడిపోతోంది. నేను కొనే ఉప్పు 11కి కలుస్తుంది. అయిదో వంతు మార్చితే 7.3 వస్తుంది. అది తక్కువనిపించి, అదే గంటలో 15 గ్రాముల బేకింగ్ సోడా కలిపి పోసేవాణ్ణి. దాంతో ఇంకో 2 డీకేహెచ్. అంటే ఒక్క సాయంత్రంలో 6.4 నుంచి 9.3కి ఎక్కించి, మళ్లీ వారమంతా జారనిచ్చాను. అలా వరసగా నాలుగు వారాలు.

గ్రాఫ్ పేపర్ మీద చుక్కలు కలిపితే రంపం పళ్లలా వచ్చింది. పగడాన్ని కుంగదీసింది 6.4 కాదు, 9.3 కూడా కాదు, ఆ రెంటి మధ్య గెంతు. 7 దగ్గర ఉన్న ట్యాంకుల్లోనూ, 9 దగ్గర ఉన్న ట్యాంకుల్లోనూ అక్రోపోరాలు చక్కగా పెరుగుతాయి. వారం వారం మూడు అంకెలు ఎక్కి దిగే నీళ్లలో మాత్రం నిలవవు.

అందుకే ఈ డైరీ. పని ఒక్కటే: ఆల్కలినిటీ గీత 8.0 దగ్గర నిలవాలి. రోజుకి 0.3 కంటే ఎక్కువ కదలకూడదు.

రోజు 1

డోసింగ్ పంప్ (ద్రావణాన్ని కొలిచి పోసే యంత్రం) కొనే ముందు నా చేతిలో ఉన్న కొలతలు నిజమా కాదా తేల్చుకోవాలి. ముందు ఉప్పదనం.

రిఫ్రాక్టోమీటర్‌ని (ఉప్పదనం కొలిచే పరికరం) ఎప్పుడూ ఆర్‌ఓ నీటితోనే సున్నాకి పెట్టేవాణ్ణి. ఈసారి ఉప్పదనం 35 పీపీటీ (వెయ్యికి 35 వంతులు) అని ముందే తెలిసిన స్టాండర్డ్ ద్రావణం రెండు చుక్కలు వేస్తే 37 చూపించింది. అంటే ట్యాంక్‌లో నేను 35 అనుకుంటున్నది నిజానికి 33. సున్నా దగ్గర సరిగ్గా ఉన్నంత మాత్రాన 35 దగ్గర సరిగ్గా ఉంటుందన్న నమ్మకం లేదు. వాడే చోటే సరిచూడాలి.

ఆల్కలినిటీ పనికి ఉప్పదనం ఎందుకంటే, సముద్రపు నీటిలో ముఖ్యమైన లవణాలు ఒకదానితో ఒకటి దాదాపు మారని నిష్పత్తిలో ఉంటాయి. 1872 నుంచి 1876 వరకు చాలెంజర్ ఓడ లోకమంతా తిరిగి పట్టుకొచ్చిన నీళ్లలో 77 నమూనాలను విలియం డిట్‌మార్ పరీక్షించి 1884లో ఈ సంగతి గట్టిగా చూపించాడు. నీళ్లు పలచనైతే కాల్షియం, మెగ్నీషియం, ఆల్కలినిటీ అన్నీ కలిసే తగ్గుతాయి. ఉప్పదనం తక్కువగా పెట్టుకుని కాల్షియం తక్కువొచ్చిందని మందు పోయడం అంటే మొదలొదిలి కొసని పట్టుకోవడమే.

33 నుంచి 35కి తేవాలంటే 250 లీటర్లకి సుమారు అర కిలో ఉప్పు కావాలి. రోజుకి 3 లీటర్లు ఆవిరవుతాయి. ఆ మూడు లీటర్ల బదులు అయిదు రోజులు మామూలు ఉప్పునీళ్లే పోస్తే సరిపోతుంది. తొందరేం లేదు.

రోజు 2

ఇవాళంతా ఆల్కలినిటీ కొలిచే కిట్‌తోనే గడిచింది. ఈ డైరీలో నాకు బాగా ఉపయోగపడిన రోజు ఇదే అనుకుంటాను.

ఆల్కలినిటీ స్టాండర్డ్‌ని నేనే కలిపాను. 2.1 గ్రాముల బేకింగ్ సోడాని 1 లీటర్ ఆర్‌ఓ-డీఐ (ఇంకా శుద్ధి చేసిన) నీళ్లలో కరిగించాను. అందులోంచి 100 మిల్లీలీటర్లు తీసి మళ్లీ 1 లీటర్‌కి పలచన చేశాను. లెక్క ప్రకారం అది లీటర్‌కి 2.5 మిల్లీ ఈక్వివలెంట్లు, అంటే 7.0 డీకేహెచ్. నేరుగా 0.21 గ్రాములు తూచడానికి నా దగ్గరున్న చిన్న త్రాసు చాలదు, అందుకే రెండు అంచెల్లో.

ఆ నీటిని సిరంజి కిట్‌తో మూడుసార్లు కొలిచాను: రంగు మారేదాకా సిరంజితో ఆమ్లం చుక్కలు వేసి, ఎంత పట్టిందో చూడటమే కొలత. 7.7, 7.6, 7.7. మూడూ ఒకదానికొకటి దగ్గరగానే ఉన్నాయి, కానీ మూడూ తప్పే.

తప్పు కిట్‌లో లేదు, నేను ఆపే చోట ఉంది. తెల్ల కాగితం మీద సీసా పెట్టి, కిటికీ వెలుగులో నెమ్మదిగా చేశాను. మొదట నీలి పచ్చ. ఒక్కో చుక్క పడినప్పుడు పడిన చోట గులాబీ మబ్బులా విచ్చుకుని, సీసా ఊపగానే మాయమవుతుంది. తర్వాత్తర్వాత ఆ మబ్బు కరగడానికి ఎక్కువసేపు పడుతుంది. ఒక చుక్క దగ్గర నీళ్లు బూడిద రంగులోకి, ఆ వెంటనే లేత నారింజలోకి తిరిగి అలాగే ఉండిపోతాయి. అక్కడ ఆపాలి. నేను ఇన్నాళ్లూ చక్కటి గులాబీ రంగు వచ్చేదాకా ఇంకో మూడు నాలుగు చుక్కలు వేస్తున్నాను. ఎక్కువ ఆమ్లం పడితే ఆల్కలినిటీ ఎక్కువున్నట్టే చూపిస్తుంది. రంగు మొదట తిరిగి నిలిచిన చోటే ఆపితే 7.2, 7.2, 7.3 వచ్చాయి. మిగిలిన 0.2ని ప్రతి రీడింగ్ నుంచీ తీసేస్తున్నాను.

సిరంజి విషయం కూడా. మొనకి ప్లాస్టిక్ నాజిల్ తొడిగాక ద్రవం పీలిస్తే కింద కొంత గాలి చేరుతుంది. నా కిట్‌లో చూడాల్సింది ద్రవం అంచుని కాదు, పిస్టన్ అంచుని. ఇది కిట్‌ని బట్టి మారుతుంది, కాగితం చదవాల్సిందే.

దీన్నిబట్టి పాత నోట్‌బుక్‌లో అంకెలన్నీ దాదాపు 0.7 ఎక్కువ. 6.4 అనుకున్నది నిజంగా 5.7 అయ్యుంటుంది. ఎత్తుపల్లాలు మాత్రం నిజమే.

ఈ అయిదారు రోజులూ పడిపోకుండా ఉండటానికి రోజుకి 3 గ్రాముల సోడా, అది కూడా పొద్దున సగం, రాత్రి సగం వేస్తున్నాను. లెక్క గుర్తు పెట్టుకోవడం తేలిక: 100 లీటర్లకి 3 గ్రాముల బేకింగ్ సోడా వేస్తే 1 డీకేహెచ్ పెరుగుతుంది.

రోజు 7

ఉప్పదనం 35కి వచ్చింది. ఇవాళ్టి నుంచి మూడు రోజులు ఏమీ పోయను, నీళ్లు మార్చను. ట్యాంక్ ఎంత తింటోందో చూడాలి. కొలిచేది రాత్రి 9కి, ప్రతిసారీ రెండు పరీక్షలు, వాటి సగటు. ఇవాళ 7.9.

రోజు 9

నిన్న రాత్రి 7.4. ఇవాళ పొద్దున 9కి 7.3, మధ్యాహ్నం 3కి 7.1, రాత్రి 9కి 7.0. ఒక్కొక్క అంకెకీ 0.1 అటూ ఇటూ ఉంటుంది కాబట్టి ఒక్కదాన్ని పట్టుకుని వేలాడను. కానీ వరస తెలుస్తోంది: చీకట్లో దాదాపు కదలలేదు, లైటు వెలుగుతున్నప్పుడే పడిపోయింది.

దీని వెనక చాలా మంచి పరిశోధన ఉంది. థామస్ గోరో 1959లో కాల్షియం-45 అనే రేడియోధార్మిక కాల్షియాన్ని వాడి, పగడాలు వెలుగులో చీకట్లో కంటే చాలా వేగంగా అస్థిపంజరం కట్టుకుంటాయని చూపించాడు. పగడం లోపల కాపురముండే సూక్ష్మ ఆల్గే పగలు వెలుగుతో ఆహారం చేసి పెడుతుంది, ఆ శక్తితో పగడం కట్టడం పని చేసుకుంటుంది. నా ఇంట్లో చిన్న సీసాలో నాలుగు రంగు మార్పులు కూడా అదే మాట చెప్పాయి. చాలాసేపు ట్యాంక్ ముందే కూర్చుండిపోయాను.

రోజు 10

6.5. ఇక్కడితో ఈ పరీక్ష ఆపాను; పంప్ పెట్టేదాకా ఇక్కడే నిలిచేలా చేత్తో సోడా వేస్తాను. మూడు రోజుల్లో 1.4 తగ్గింది, అంటే రోజుకి 0.47.

కాల్షియం మొదట 425, ఇప్పుడు 415 పీపీఎం (పది లక్షల్లో వంతులు). ఈ జత ఎప్పుడూ చూడాల్సిందే. పగడం కట్టుకునేది కాల్షియం కార్బొనేట్, అందులోనూ అరగొనైట్ అనే రూపం. 2.8 డీకేహెచ్ ఖర్చయితే 20 పీపీఎంకి కాస్త తక్కువగా కాల్షియం ఖర్చవుతుంది. 1.4కి 10 అటూ ఇటూ. నాకు సరిగ్గా అంతే వచ్చింది కాబట్టి ఆల్కలినిటీ పోతున్నది పగడాల్లోకి, కోరలైన్‌లోకే. కాల్షియం కదలకుండా ఆల్కలినిటీ ఒక్కటే పడిపోతుంటే వేరే చోట వెతకాలి. నైట్రేట్ పేరుకుంటుంటే అలా జరుగుతుంది: అమ్మోనియాని బాక్టీరియా నైట్రేట్‌గా మార్చినప్పుడు ఆమ్లం పుడుతుంది, 50 పీపీఎం నైట్రేట్ పోగయ్యేసరికి సుమారు 2.3 డీకేహెచ్ తినేస్తుంది. నా నైట్రేట్ 5 దగ్గర నిలకడగా ఉంది.

కాల్షియం ఎప్పుడూ ఇంత గొడవ పెట్టకపోవడానికి కారణం కూడా ఈ నిష్పత్తే. 420 ఉన్న చోట 10 పోయినా పట్టనట్టే ఉంటుంది. అదే సమయంలో 8 ఉన్న చోట 1.4 పోతుంది. పెద్ద కుండలోంచీ చిన్న కుండలోంచీ ఒకే గరిటెతో తోడుతున్నట్టు. చిన్న కుండే ముందు ఖాళీ అవుతుంది, అందుకే కావలి దాని దగ్గరే ఉండాలి.

రోజు 11

8.0 ఎందుకు? సహజ సముద్రంలో ఆల్కలినిటీ 7 డీకేహెచ్‌కి దగ్గరగా ఉంటుంది. ఎక్కువ పెడితే పగడం వేగంగా కడుతుందన్నది నిజమే. అరిజోనాలో బయోస్ఫియర్ 2 లోపలి కృత్రిమ సముద్రంలో క్రిస్ లాంగ్డన్ బృందం చేసిన ప్రయోగాల ఫలితాలు 2000లో వచ్చాయి. కాల్షియం కార్బొనేట్ సంతృప్త స్థాయిని (ఆల్కలినిటీ పెరిగితే అదీ పెరుగుతుంది) బట్టి మొత్తం రీఫ్ కట్టే వేగం మారుతుందని వాటిలో తేలింది. కానీ నా ట్యాంక్‌లో ఫాస్ఫేట్ 0.05, నైట్రేట్ 5. తిండి ఇంత తక్కువున్నప్పుడు 10, 11 పెడితే అస్థిపంజరం ముందుకు పరిగెత్తి చర్మం వెనకబడిపోతుంది, కొమ్మల చివర్లు కాలినట్టు తెల్లబడతాయి. సముద్రానికి దగ్గరగా ఉంటూ, పంప్ ఒకటి రెండు రోజులు ఆగినా తట్టుకునేంత ఊరట ఇచ్చే అంకె నాకు 8.

సున్నపు తేట, అంటే కాల్క్‌వాసర్, గురించి చాలా ఆలోచించాను. కాల్షియం, ఆల్కలినిటీ రెండూ సరైన నిష్పత్తిలో ఒకే సీసాలో దొరుకుతాయి. నిండుగా కరిగిన సున్నపు తేట ఒక లీటర్ పోస్తే నా రోజు ఖర్చు దాదాపు తీరిపోతుంది. నా భయం ఒక్కటే: దాని పీహెచ్ 12కి పైన. ఆవిరైన నీళ్లని తానే నింపే ఆటో టాప్-ఆఫ్ ఫ్లోట్ ఇరుక్కుపోయి పది లీటర్లు ఒకేసారి దిగితే ఆ రాత్రే ట్యాంక్ అంతా పోతుంది. గంటకి చుక్కలు చుక్కలుగా పోసే పంప్ ఉన్నవాళ్లకి అది మంచి దారి. నేను ఆల్కలినిటీ, కాల్షియం విడివిడిగా పోసే రెండు సీసాల పద్ధతికే మొగ్గాను. దీన్ని హాన్స్-వెర్నర్ బాలింగ్ పేరు మీద బాలింగ్ పద్ధతి అంటారు.

రోజు 12

బేకింగ్ సోడా వాడాలా, సోడా యాష్ (సోడియం కార్బొనేట్) వాడాలా? ఆల్కలినిటీ పెంచడంలో రెండూ ఒకటే, తేడా పీహెచ్ దగ్గర. బేకింగ్ సోడా వేస్తే పీహెచ్ కాస్త దిగుతుంది, సోడా యాష్ వేస్తే పెరుగుతుంది. తలుపులు మూసిన గదిలో మనుషులు వదిలే కార్బన్ డయాక్సైడ్ నీళ్లలోకే చేరుతుంది. నా ట్యాంక్ పీహెచ్ రాత్రిపూట 7.8కి దిగుతోంది, కాబట్టి సోడా యాష్.

బేకింగ్ సోడాని వేడి చేస్తే అదే సోడా యాష్ అవుతుంది. 300 గ్రాములు వెడల్పాటి ట్రేలో పలచగా పరిచి 200 డిగ్రీల ఓవెన్‌లో పెట్టాను. నీటి ఆవిరి, కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలి, లెక్క ప్రకారం చివరికి 189 గ్రాములు మిగలాలి. గంట తర్వాత తూచితే 214. అంటే ఇంకా అవ్వలేదు. గరిటెతో కలిపి ఇంకో గంట ఉంచాను: 190. మరో ఇరవై నిమిషాలు పెట్టినా 190 నుంచి కదల్లేదు. గంట వేడి చేస్తే చాలని రాసుకున్నవాళ్లున్నారు. పొడి ఎంత మందంగా పరిచామన్నదాన్ని బట్టి అది మారుతుంది. గడియారం కంటే త్రాసుని నమ్మడం మంచిది.

190 గ్రాములు ఆర్‌ఓ-డీఐ నీళ్లలో కరిగించి 3 లీటర్లు చేశాను. రెండో క్యాన్‌లో 264 గ్రాముల కాల్షియం క్లోరైడ్ డైహైడ్రేట్, అదీ 3 లీటర్లకి. ఇలా కలిపితే రెండు క్యాన్లలోంచీ రోజూ సమానంగా పోయొచ్చు, వేర్వేరు లెక్కలు అక్కర్లేదు. కాల్షియం క్లోరైడ్ కరిగేటప్పుడు క్యాన్ చేతికి వెచ్చగా తగిలింది. సోడా యాష్ దుమ్ము కంట్లో పడితే ప్రమాదం, కళ్లద్దాలు పెట్టుకోవాలి.

రోజుకి 0.47 డీకేహెచ్, 250 లీటర్లు: ఈ గాఢతకి రోజుకి 35 మిల్లీలీటర్లు.

రోజు 14

పంప్ పెట్టాను. 10 మిల్లీలీటర్లు పోయమంటే కొలత సిరంజిలోకి 9.1 వచ్చింది, కాలిబ్రేట్ చేశాక 10.0. ఆల్కలినిటీ రోజుకి 12 సార్లు, ఒక్కోసారి 3 మిల్లీలీటర్ల లోపే. కాల్షియం కూడా 12 సార్లు, కానీ ఒక గంట తేడాతో. రెండూ ఒకే చోట ఒకేసారి పడితే అక్కడికక్కడే తెల్లటి సుద్ద అయిపోతుంది, ఎవరికీ అందదు. గొట్టాల చివర్లు రెండూ సంప్‌లో నీళ్లు జోరుగా పారే చోట, ఎడంగా పెట్టాను.

6.5 నుంచి 8.0కి ఒక్కసారిగా కాదు. రోజుకి 0.3 చొప్పున ఎక్కిస్తున్నాను.

రోజు 19

8.0. తొలిసారి.

రోజు 20 నుంచి 26

8.0, 8.0, 7.9, 8.0, 8.1, 8.0, 8.0. ఈ వారం కొత్తగా రాయడానికేం లేదు. నీళ్లు మార్చేటప్పుడు కొత్త ఉప్పునీళ్ల 11 వల్ల గెంతు రాకుండా 20 శాతాన్ని 8 శాతానికి తగ్గించాను.

రోజు 30

మొన్న 7.8. నిన్న 7.4. ఇవాళ 7.0. పంప్ చప్పుడు వినిపిస్తోంది, తెర మీద పోసిన లెక్క సరిగ్గానే ఉంది. పగడాలు ఒక్కసారిగా పెరగడం మొదలుపెట్టాయేమో అనుకుని డోస్ పెంచబోయాను. ఇంతలో సంప్ తలుపు దగ్గర కూర్చున్న మా అమ్మాయి, "నాన్నా, ఈ గొట్టంలోంచి చుక్క రావట్లేదు" అంది.

వంగి చూస్తే, సోడా యాష్ గొట్టం చివర తెల్లటి పెంకు కట్టి, చీమ తల పట్టేంత సందు కూడా లేకుండా మూసుకుపోయింది. గొట్టం మొన నీళ్లలో మునిగి ఉంది. ప్రతి డోస్ తర్వాత మిగిలిన కాస్త ద్రావణం సముద్రపు నీళ్లతో అక్కడే కలిసి కాల్షియం కార్బొనేట్‌గా పేరుకుంటూ వచ్చింది. డోస్ పెంచి ఉంటే, ఎప్పుడో ఆ పెంకు ఊడిన రోజున మొత్తం రెట్టింపు పడేది. పాప చూడబట్టి సరిపోయింది.

చివర సెంటీమీటర్ కోసేశాను. గొట్టాన్ని నీటి మట్టానికి మూడు వేళ్ల పైన క్లిప్ పెట్టి నిలబెట్టాను. ఇప్పుడు చుక్క పడటం కంటికి కనిపిస్తుంది. పడిపోయిన 1.0ని మళ్లీ నాలుగు రోజులకి పంచి తిరిగి తెస్తున్నాను. ఒక్కసారే పోసేయాలని చెయ్యి ఊరుకోలేదు. కానీ ఈ పని మొదలుపెట్టిందే ఆ అలవాటు మానడానికి.

పనిలో పనిగా హీటర్ తీసి చూశాను. దాని మీదా అదే పెంకు, గుడ్డు పెంకు మందాన. వేడి తగిలే చోట కాల్షియం కార్బొనేట్ తేలిగ్గా పేరుకుంటుంది. వెనిగర్‌లో వేస్తే చుర్రుమని బుడగలొచ్చి అరగంటలో శుభ్రమైంది. నేను 9 పైకి ఎక్కించిన ఆదివారాల్లో పోసిన సోడాలో కొంత పగడాలకి కాకుండా ఈ హీటర్‌కే చేరి ఉంటుంది. మెగ్నీషియం కూడా కొలిచాను, 1300. ఈ పేరుకోవడాన్ని ఆపేది ముఖ్యంగా అదే కాబట్టి 1250 కంటే కిందికి పోనివ్వను.

రోజు 45

ఇన్ని రోజుల్లో నాకు అన్నిటికంటే పెద్ద పాఠం ఈ వారం దొరికింది.

డోస్ ఏమీ మార్చలేదు, ఆల్కలినిటీ మాత్రం పెరుగుతోంది. 8.1, 8.2, 8.4, ఇవాళ 8.5. స్టాండర్డ్‌తో కిట్ సరిచూశాను, బాగానే ఉంది. పంప్ కూడా అడిగినంతే పోస్తోంది. మరి పోసేది అంతే ఉండి నీళ్లలో మిగులు పెరుగుతోందంటే, తినేవాళ్లు తినడం తగ్గించారు.

పగడాలు చూడ్డానికి మామూలుగానే ఉన్నాయి. పాలిప్స్ (పగడాన్ని కట్టే చిన్న జీవులు) బయటికొచ్చాయి, రంగు పోలేదు. పది రోజుల్లో కొత్తగా చేసిందేమిటా అని వెనక్కి చూసుకుంటే ఒక్కటే: ఫాస్ఫేట్ పట్టే ఐరన్ మీడియా, జీఎఫ్‌ఓ, పాతది తీసి కొత్తది నిండుగా వేశాను. ఫాస్ఫేట్ కొలిస్తే సున్నా చూపించింది. కడుపుకి తిండి లేక పగడాలు కట్టడం తగ్గించేశాయి.

కంటికి ఏమీ కనిపించకముందే ఆల్కలినిటీ ఖర్చు ఆ కబురు చెప్పింది. ఇది నాకు నాడి పట్టి చూడటంలా అనిపించింది. ఇన్నాళ్లూ 8.0 అనే అంకె మీదే దృష్టి పెట్టాను. నిజంగా కనిపెట్టాల్సింది ఆ 8.0ని నిలపడానికి రోజుకి ఎంత పోయాల్సి వస్తోందన్నది. నోట్‌బుక్‌లో కొత్త గడి గీశాను: ఆ రోజు డోస్, ఆ రోజు మార్పు, డోస్‌లోంచి ఆ రోజు పెరిగింది తీసేస్తే వచ్చే అసలు ఖర్చు. ఇవాళ్టి అసలు ఖర్చు 0.34. మొదట 0.47 ఉండేది.

డోస్ 25 మిల్లీలీటర్లకి తగ్గించాను. మీడియాలో మూడొంతులు తీసేశాను. చేపలకి ఒక పూట తిండి అదనంగా వేస్తున్నాను.

రోజు 52

8.3. ఫాస్ఫేట్ 0.02. రెండు కొమ్మల చివర్లు లేతగా ఉన్నాయి కానీ చర్మం ఊడలేదు. టెన్షన్‌గానే ఉంది, అయినా ఏమీ మార్చట్లేదు.

రోజు 60

7.9, నిన్న 8.0. అసలు ఖర్చు మళ్లీ 0.5కి చేరింది. ఫాస్ఫేట్ 0.05. డోస్ 38. ప్రాణం కుదుటపడింది.

రోజు 75

డోస్ 45. చూసే దినచర్య ఇప్పుడు కుదిరింది. ఆల్కలినిటీ రెండు రోజులకోసారి, ఎప్పుడూ రాత్రి 9కే. కాల్షియం, మెగ్నీషియం వారానికోసారి. కిట్‌ని నెలకోసారి, కొత్త సీసా విప్పిన ప్రతిసారీ స్టాండర్డ్‌తో. పంప్ కాలిబ్రేషన్ కూడా నెలకోసారి, ఎందుకంటే రోలర్ల కింద నలిగి నలిగి గొట్టం మెత్తబడుతుంది, పోసే కొలత మారుతుంది. ఇవాళ 10 అడిగితే 9.6 వచ్చింది, సరిచేశాను. ఒక్క రీడింగ్ చూసి డోస్ ముట్టుకోను. వరసగా మూడు ఒకే వైపు పోతేనే మారుస్తాను, అదీ పదో వంతు.

రాత్రి పీహెచ్ ఇప్పుడు 7.9 కిందికి దిగట్లేదు. స్కిమ్మర్ (నురగతో మురికి తీసే యంత్రం) గాలి గొట్టాన్ని కిటికీ బయటికి పెట్టడం కూడా సాయం చేసింది.

రోజు 93

లెన్సు పెట్టి పాత మొదలుని చూశాను. తెల్లగా మిగిలిన ఆ అస్థిపంజరం మీద బాగున్న వైపు నుంచి కొత్త చర్మం పాకుతోంది. అంచు పలచగా, మైనం పూసినట్టు లేత ఊదారంగులో ఉంది. ఆ అంచుకి వెనక ఆవగింజంత పాలిప్స్ రెండు వరసలు లేచాయి. విరిచి అతికించిన మూడు కొమ్మలూ రాయిని పట్టుకుని అడుగున పాదాల్లా పరుచుకున్నాయి. ఒకదానికి కొత్త చివర్లు నాలుగు.

ఇవాళ్టి రీడింగ్ 8.0. అసలు ఖర్చు 0.70, డోస్ 52. సోడా యాష్ క్యాన్‌ని వెలుగుకి పట్టి చూస్తే 250 మిల్లీలీటర్లు మిగిలింది, అయిదు రోజులు కూడా రాదు. 300 గ్రాములు తూచి ట్రేలో పరిచి ఓవెన్‌లో పెట్టాను. గంటకోసారి తూచాలి, 190 దగ్గర ఆగేదాకా.